భరతుడు వేయించిన బాట

మార్గమను మాటకు పెద్దలు రెండర్థములు చెప్పిరి. మనస్సు నడచు మార్గమొకటి, పాదములు నడచు మార్గమొకటి. కర్మమార్గము, జ్ఞానమార్గము, భక్తిమార్గము, ప్రపత్తిమార్గము అని మనస్సు నడువవలసిన మార్గములను గూర్చి వినని ఆస్తికుడు లేడు. పాదములు నడచు మార్గమును గూర్చి మన పురాణేతిహాసములేమి చెప్పినవో ఆలోచించువారు మాత్రము అరుదు. స్వామి సన్నిధికి పోవువాని అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు వాని మనస్సు ఆ ముల్లు మీదనే నిలుచును గాని నామస్మరణ మీద నిలువదు. ఆ ముల్లును ముందుగా తీసివేసిన వాడెవడో ఒకడుండును. వాని పేరు ఎవరికిని తెలియదు. వాడు చేసినది కూడ భగవత్సేవయేనా? అవుననియే రామాయణము చెప్పుచున్నది.

అయోధ్య నుండి గంగ వరకు

శ్రీమద్రామాయణమందు అయోధ్యాకాండలో ఎనుబదియవ సర్గ కలదు. పారాయణము చేయువారు సాధారణముగా దానిని వేగముగా దాటిపోవుదురు. అందు శ్రీరాముడు లేడు, సీతమ్మ లేదు, యుద్ధము లేదు, ధర్మసందేహము లేదు. ఉన్నదంతయు బాట వేయు పనివారే.

దశరథుడు గతించెను. రాజ్యము స్వీకరింపుమని మంత్రులు కోరగా భరతుడు నిరాకరించి, అడవికి పోయి అన్నగారిని తోడితెత్తునని నిశ్చయించెను. ఆ నిశ్చయము వెంట ఆయన నోట వెలువడిన ఆజ్ఞ, మార్గము సిద్ధము చేయుడనుటయే. అప్పుడు నేల స్వభావమెరిగినవారు, నూలు పట్టి కొలతలు తీయువారు, త్రవ్వకపు పనివారు, యంత్రములు నడుపువారు, వడ్రంగులు, చెట్లు నరకువారు, వెదురు పనివారు, అందరికిని అన్నము వండువారు బయలుదేరిరి. తీగలను, పొదలను, మోడులను తొలగించిరి. బండలను పగులగొట్టిరి. పల్లములను పూడ్చిరి, మిట్టలను చదును చేసిరి. వాగులపై వంతెనలు కట్టిరి. చెట్లున్నచోట అడ్డుగా నున్నవానిని తీసివేసిరి, చెట్లు లేనిచోట నాటిరి. నీరు లేని తావులందు బావులు త్రవ్వి వానికి అరుగులు కట్టిరి. ఈ విధముగ అయోధ్య నుండి గంగ ఒడ్డు వరకు బాట సిద్ధమయ్యెను.

ఇందులో విచారింపదగిన విషయమొకటి కలదు. భరతుడు ఒంటరిగా గుర్రమెక్కి పోదలచినచో ఆయనకు బాటతో పని లేదు. రాముడు వెళ్ళినప్పుడు ఆ బాట లేదు. మరి ఎవరి కొరకు ఇంత శ్రమ? కౌసల్య కొరకు, సుమిత్ర కొరకు, వృద్ధులైన పురజనుల కొరకు, రాముని చూడవలెనను కోరికయే గాని అడవిదారి నడువగల కాళ్ళు లేనివారందరి కొరకు. బలవంతునికి బాట అక్కరలేదు. బలహీనుని తలచుకొని వేసినదే బాట.

ఇంకొక విశేషము. ఆ బాట వెంట కైకేయి కూడ వెళ్ళెను. ఈ దుఃఖమంతటికిని కారణమైన తల్లి ఈ దారిలో అడుగు పెట్టరాదని భరతుడు చెప్పలేదు. తల్లిని ఎన్ని మాటలు అనవలెనో అన్నియు అన్నవాడే ఆయన. అయినను రాముని వద్దకు పోవు బాట ఆమెకు మూయలేదు. బాట వేయువారు మనస్సున ఉంచుకొనదగిన మొదటి ధర్మము ఇది.

బాట గంగ వద్ద ఆగినది. ఆవల నీరు. అచ్చట నిషాదరాజగు గుహుడు నిలిచియుండెను. ఇంత సైన్యముతో వచ్చుచున్న భరతుడు రామునకు కీడు తలపెట్టెనేమో యని మొదట శంకించెను. శంక తీరిన పిదప ఆ సత్పురుషుడు 500 నావలను రప్పించి అందరిని దాటించెను. అయోధ్య శిల్పులు ఎంత నేర్పరులైనను వారి పని గంగ ఒడ్డునకే సరి. అక్కడి నుండి పడవవాని చేయి పట్టవలసినదే. రాజుగారి బాటయు, బెస్తవాని పడవయు కలిసిననే గాని రామదర్శనము లేదు.

ఉడుత యెత్తిన ఇసుక, స్వామికి తగిలిన గునపము

సేతుబంధన ఘట్టము అందరికిని తెలిసినదే. నలుని ఆధ్వర్యమున వానరులు మొదటి దినమున 14, రెండవ దినమున 20, మూడవ దినమున 21, నాలుగవ దినమున 22, అయిదవ దినమున 23 యోజనముల చొప్పున 100 యోజనముల వారధిని 5 దినములలో ముగించిరని వాల్మీకి మహర్షి లెక్క చెప్పెను. దినదినమునకు పని పెరుగుటయే గాని తగ్గుట లేదు. కలిసి పనిచేయువారికి చేయి తిరిగినకొలది అలసట తగ్గి ఉత్సాహము హెచ్చుననుటకు ఆ అంకెలే సాక్ష్యము.

ఉడుత కథ వాల్మీకములో లేదు. కాని తొండరడిప్పొడి ఆళ్వారు తమ తిరుమాలై ప్రబంధమున ఆ ఉడుతలను స్మరించిరి. నీట మునిగి, ఇసుకలో పొర్లి, ఆ ఇసుకను సేతువుపై విదిలించిన ఆ చిన్నప్రాణులకున్న శ్రద్ధ తమకు లేకపోయెనే యని ఆళ్వారు వగచిరి. కొండలను మోసిన హనుమంతుని తలచుకొని కాక ఉడుతను తలచుకొని ఆళ్వారు సిగ్గుపడుటలోనే అంతరార్థమున్నది. హనుమంతునంత బలము లేదని తప్పించుకొనవచ్చును. ఉడుతకున్నంత లేదని ఎవడనగలడు?

తిరుమల యాత్రికులు మహాద్వారము దాటునప్పుడు ఒక గునపమును చూచియుందురు. అది అనంతాళ్వారులది. భగవద్రామానుజులు శ్రీరంగమున తిరువాయ్‌మొళి కాలక్షేపము చేయుచు, తిరుమలకు పోయి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని ప్రశ్నించినప్పుడు లేచి నిలిచిన శిష్యుడాయన. కొండ మీద పూలతోట వేసి, దానికి నీటి కొరకు చెరువు త్రవ్వ మొదలిడెను. ఆయన త్రవ్వుట, నిండుచూలాలగు ఆయన భార్య మన్ను మోయుట. ఆమె అలసట చూడలేక బాలకుడొకడు వచ్చి సాయముపట్టబోయెను. కైంకర్యము తమదే కావలెనను పట్టుదలతో అనంతాళ్వారు వద్దనిరి. బాలకుడు వినక చాటుగా మన్ను మోయుచుండగా కోపించి గునపము విసరిరి. అది బాలకుని గడ్డమునకు తగిలెను. సన్నిధికి పోయి చూడగా స్వామి చుబుకము నుండి రక్తము కారుచుండెను. నేటికిని స్వామి గడ్డమునకు పచ్చకర్పూరము అలంకరించుట ఆ గాయమునకు గుర్తుగనే యని సంప్రదాయము.

ఈ కథను స్వామి వాత్సల్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. అది నిజము. దానితోపాటు మరియొక పాఠమును ఇందు కలదు. అనంతాళ్వారుల భక్తిలో లోపము లేదు. సేవ తమకొక్కరికే దక్కవలెనన్న పట్టుదలలో లోపమున్నది. సేవకు వచ్చిన చేతిని త్రోసివేసినచో ఆ దెబ్బ స్వామికే తగులును. ఊరి పనికి ముందుకు వచ్చిన బాలుని, బీదవానిని, వేరొక వాడవానిని నీకేల యని అడ్డగించువారు ఆ గునపమును ఒక్కమారు కన్నులార చూచి రావలెను.

తిరుమల మెట్లు

అలిపిరి నుండి తిరుమలకు 3550 మెట్లు, శ్రీనివాసమంగాపురము చెంతనున్న శ్రీవారి మెట్టు మార్గమున 2388 మెట్లు అని లెక్క. 1944లో మొదటి ఘాట్‌రోడ్డు వచ్చువరకు కోట్లకొలది యాత్రికులకు కాలినడకయో, డోలీయో దప్ప వేరుదారి లేకుండెను. రెండవ ఘాట్‌రోడ్డు 1974లో వచ్చినది. మామండూరు వైపునుండి కొండకు చేరు మరియొక పాతదారి కలదు. తాళ్ళపాక నుండి వచ్చు యాత్రికులు పట్టిన దారి యగుటచే దానిని అన్నమయ్య మార్గమని నేడు పిలుచుచున్నారు.

ఎనిమిదేండ్ల బాలుడగు అన్నమయ్య తిరుమల కెక్కిన వృత్తాంతమును ఆయన మనుమడు చిన్నన్న తన ద్విపద కావ్యమున చెప్పెను. బాలుడు ఇల్లు విడిచి, దారిన పోవు యాత్రికుల గుంపులో కలిసెను. కొంతదూర మెక్కి ఆకలిచేతను అలసటచేతను మోకాళ్ళ ముడుపు వద్ద వెదురుపొద క్రింద సొమ్మసిల్లెను. అలమేలుమంగమ్మ ముత్తైదువ రూపమున వచ్చి, సాలగ్రామమయమైన కొండపై చెప్పులతో ఎక్కుచున్నావు గనుక నీకు దారి కనబడలేదని చెప్పి, ప్రసాదము పెట్టి, ఆకలి తీర్చెను. తల్లి చేసిన పని రెండు విధములు. దారిని గౌరవింపుమని బోధించినది. దారిలో పడినవానికి అన్నము పెట్టినది. ఈ రెండును కలిసినదే మార్గసేవ.

తిరుమలనంబి నిత్యము పాపవినాశము నుండి స్వామి అభిషేకమునకు నీరు మోసెడివారు. ముసలితనమున ఆ దూరము ఆయనకు భారమయ్యెను. స్వామి వేటగాని రూపమున దారిలో ఎదురై దాహమని కుండలోని నీరంతయు త్రాగి, కొండపై బాణము వేసి, చెంతనే ఆకాశగంగను వెలువరించెనని ఐతిహ్యము. భక్తుడు దూరము నడచుట స్వామికి ప్రీతియే. కాని నడువలేని భక్తునికి దారిని దగ్గర చేయుట ఆయనకు ఇంకను ప్రీతి. కష్టపడి ఎక్కిననే పుణ్యమని చెప్పి, కుంటివానికిని ముసలివానికిని దారి సుగమము చేయుట అనవసరమనువారు ఈ ఐతిహ్యమును స్మరించవలెను.

ఆ నంబియే తమ మేనల్లుడగు రామానుజులు కొండకు వచ్చునప్పుడు ప్రసాదము తీసికొని స్వయముగా ఎదురు వెళ్ళిరి. నాకొరకు తమంతటివారు రావలెనా, చిన్నవారెవరును దొరకలేదా యని రామానుజులు నొచ్చుకొనిరి. మాడవీథులన్నియు వెదకితిని, నాకంటె చిన్నవాడు కానరాలేదని నంబి పలికిరి. ఊరి బాటలో పార పట్టుటకు చిన్నతనమనుకొను పెద్దలకు ఇంతకంటె వేరు ఉపదేశమేల?

కొండదారి ఒకనాడు వేసి విడిచిపెట్టినచో నిలుచునది కాదు. 2021 నవంబరులో కురిసిన కుంభవృష్టికి శ్రీవారి మెట్టు మార్గము కొట్టుకొనిపోయి మూతపడినది. మరమ్మతులు జరిగి 2022 మే నెలలో గాని యాత్రికులకు తెరువబడలేదు. నీటికి ఒక్క రాత్రి చాలినది, మనుష్యులకు ఆరు నెలలు పట్టినది. బాట యనునది ఒకసారి చేసిన దానము కాదు, ఏటేట చేయవలసిన వ్రతము.

ప్రళయకావేరి గట్టున

తిరుమల కొండకు తూర్పున, సముద్రమునకు ఇవతల, పులికాట్ సరస్సు కలదు. దాని పాత తెలుగు పేరు ప్రళయకావేరి. ఉత్తర దక్షిణములుగా సుమారు 60 కిలోమీటర్లు వ్యాపించి, ఒడిశాలోని చిలకా తరువాత దేశమందలి ఉప్పునీటి సరస్సులలో రెండవ పెద్దదిగా పేరొందినది. అధికభాగము ఆంధ్రదేశమున, దక్షిణభాగము తమిళదేశమున నున్నది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో నుండిన సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు 2022 ఏప్రిల్ 4 నుండి తిరుపతి జిల్లాలో చేరినవి. కనుక నేడు ఏడుకొండలును, ఈ ఉప్పుకయ్యయు ఒకే జిల్లావి.

ప్రళయమను పేరు వినినంతనే శ్రీవైష్ణవునకు మత్స్యావతారము మనస్సున మెదలక మానదు. ప్రళయజలములలో సత్యవ్రతుని నావను తన కొమ్మునకు కట్టించుకొని లాగికొనిపోయిన స్వామియే వేదనారాయణుడు. ఆయనకు శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరిట వెలసిన నాగలాపురమున ఆలయము కట్టించెను. ఆ ఊరు ఈ సరస్సునకును తిరుపతికిని నడుమ దిక్కుననే యున్నది. దారి లేనిచోట నీటి మీదనే దారి చూపిన మూర్తి ఈ సీమకు తగిన దైవము. సరస్సు దక్షిణపు కొనన పులికాట్ ఊరిలో ఆదినారాయణ పెరుమాళ్ కోవెల కలదు. నల్లరాయి కాక ఎర్రని తుప్పురాతితో కట్టిన ఆ కోవెలలో రామాయణ కథ చిన్న చిన్న బొమ్మలుగా చెక్కబడియున్నది.

ఈ సరస్సు లోతు తక్కువ, సగటున ఒక మీటరు. వానకాలమున నిండును. వేసవిలో ఉత్తరభాగము చాలవరకు ఎండి, బురద పెళ్ళలు కట్టి, తెల్లని ఉప్పు పైకి తేలును. ఇరకము, వేనాడు మొదలగు దీవులలో తెలుగువారు తరతరములుగా కాపురముండిరి. వారికి ఒక ఋతువున దారియైనది మరియొక ఋతువున నీరు. ఆ జీవితమునే స.వెం. రమేశ్ తమ ప్రళయకావేరి కథలలో చిత్రించిరి. ఇరకమునకు పోవలెనన్న పడవయే దిక్కు. పురుటినొప్పులు వచ్చిన ఆడుకూతురును, పాము కరచిన పిల్లవానిని గాలివాన వేళ ఒడ్డు చేర్చుట ఎంతటి పనియో గట్టున నున్నవారికి తెలియదు. 2011 డిసెంబరు 25న ఈ సరస్సు దక్షిణభాగమున విహారమునకు వచ్చినవారి పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. పండుగపూట సంతోషముగా బయలుదేరినవారు వారు. నీటిదారి కూడ దారియే. దానికిని కాపు, కట్టుబాటు, జాగ్రత్త వలయును.

ఈ నీటిని గ్రామస్థులు పంచుకొను పద్ధతి ఒకటి ఇచ్చట అనాదిగా నున్నది. దానిని పాడు అందురు. దక్షిణతీరపు జాలరి పల్లెలవారు వల వేయు తావులను ఎవరికి వారు ఆక్రమింపక, పెద్దల సమక్షమున వంతులు వేసికొని, చీట్లు తీసికొని, మంచి తావు ఒకరికే దక్కకుండ మార్చుకొనుచు వచ్చిరి. ఇది రాజులు చేసిన చట్టము కాదు, ఊళ్ళు చేసికొన్న ఒప్పందము. అయినను అందులో చేరని కులములవారికి ఆ వంతులు లేకపోవుట ఆ కట్టుబాటునకున్న కొరత. మేలైన కట్టుబాటుకూడ ఎవనినో ఒకని వెలుపల నిలిపినచో అంతమేరకు అసంపూర్ణమే.

చేయి చేయి కలిసిన చోట

ఊరి పని ఊరివారే చేసికొనుట తెలుగునాట క్రొత్త కాదు. చెన్నపట్టణపు రాజధానిలో చేరియుండిన నెల్లూరు, చిత్తూరు సీమలందు కుడిమరామత్తు అను ఆచారముండెను. చెరువు కట్టలు, కాలువలు బాగుచేయుటకు ఇంటికొక మనిషి పోవలయును. 1858లో ఆ ఆచారమునకు ప్రభుత్వమువారు చట్టరూపమిచ్చిరి. చట్టము వచ్చినది గాని ఆచారము క్రమముగా సన్నగిల్లినది. భయముచేత చేయించిన పని ఉన్నంతకాలము, ప్రేమచేత చేసిన పని ఊరున్నంతకాలము. సరస్సు గుండ సాగిన బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగము 1877-78 కరవున ఆకలిగొన్నవారి చేతులతో త్రవ్వబడినదే. గంజి కొరకు త్రవ్విన ఆ చేతుల పేర్లు లేవు, కాలువకు మాత్రము దొరగారి పేరు నిలిచినది.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబాజీ భూదానోద్యమము ప్రారంభించిన పిదప శ్రమదానమను మాట పల్లెపల్లెకు వ్యాపించెను. భూమి లేనివాడు కూడ దానము చేయవచ్చుననునదే ఆ మాటలోని సొగసు. ఆ భావము నేటికిని చావలేదు. విజయనగరము జిల్లా సాలూరు మండలమున కొదమ అను కొండ పంచాయతి కలదు. అది నేడు పార్వతీపురం మన్యము జిల్లాలో చేరినది. అచ్చటి గిరిజనులు రోగులను, గర్భవతులను డోలీలలో మోసి మోసి విసిగిరి. 2020లో ఇంటికి ఇంతయని చందాలు వేసికొని, తామే కూలీలై, కొండను తొలిచి ఒడిశా వైపునకు బాట వేసికొనిరి. వారు రామాయణము చదివిరో లేదో గాని ఎనుబదియవ సర్గను చేతులతో వ్రాసిరి.

డోలీ యనునది తిరుమలలో ఒకప్పుడు భక్తునికి సాధనము. కొండగూడెములలో అదియే నేటికిని ప్రాణసంకటము. బాట లేకపోవుట ఒక అసౌకర్యము మాత్రమే యనుకొనువారు ఆ డోలీ కొయ్యను ఒక్క మైలు భుజాన మోసి చూడవలెను.

తమిళదేశమును ఆనుకొనిన ఈ సీమ పాతబాటల ప్రక్క అచ్చటచ్చట రెండు నిలువురాళ్ళ మీద ఒక అడ్డబండ నిలిపిన కట్టడములు కనబడును. తలమూట కలవాడు ఒకరి సాయము లేకయే దానిపై బరువు దించి, అలసట తీర్చుకొని, మరల ఎత్తుకొని పోవుటకు అవి. కడుపుతో నుండి కన్నుమూసిన ఆడుబిడ్డల జ్ఞాపకార్థము వానిని నిలుపు ఆచారముండెను. దించుకొనలేని భారముతో పోయిన బిడ్డ పేరిట ఇతరుల భారము దింపుట! యజ్ఞయాగాదులు ఇష్టమనియు, బావి, చెరువు, తోట, సత్రము మొదలగునవి పూర్తమనియు శాస్త్రము చెప్పును. చదువు లేని పల్లెవారు ఆ పూర్తధర్మమును ఒక రాతిబండలో ఇమిడ్చిరి.

మూయబడిన బాట

బాట పాడగుటకు వాన ఒక్కటియే కారణము కాదు. పొలము గట్టున పోవు డొంకను ఏటేట పారతో జానెడు చెక్కి తన చేనిలో కలుపుకొనువారు ప్రతి ఊరను ఉందురు. ఆ జానెడు నేలలో పండు గింజలెన్ని? దానికొరకు బండి తిరుగదు, పశువు పోదు, శవమును మోయు నలుగురు ప్రక్కప్రక్కన నడువలేరు. బాటను చెక్కినవాడు ఊరి కాళ్ళను చెక్కినవాడు. సర్కారుతుమ్మ పెరిగి మూసిన దారిని కొడవలితో తెరువవచ్చును. లోభము మూసిన దారిని తెరుచుటకు ఊరంతయు ఒక్కమాట మీద నిలువవలయును.

అంతకంటె ఘోరమైన మూత మరియొకటి. ఫలానివారు ఈ దారిని నడువరాదను మూత. 1924 మార్చి 30న వైకోమున సత్యాగ్రహము ఆరంభమైనది ఆలయప్రవేశము కొరకు కాదు, ఆలయము చుట్టునున్న బాటలలో నడచుట కొరకు. 1925 నవంబరు వరకు అది సాగినది. నడచు హక్కు కొరకు మనుష్యులు అన్ని నెలలు నిలువబడవలసి వచ్చినది.

శ్రీవైష్ణవ సంప్రదాయము ఈ ప్రశ్నకు ఏనాడో సమాధానము చెప్పినది. తిరుప్పాణాళ్వారు పాణకులమున పెరిగినవారు. శ్రీరంగ దివ్యభూమిని త్రొక్కుటకు తాము తగమని కావేరి ఆవలిగట్టున నిలిచి పాడుచుండిరి. ఆయన తన్మయత్వమున దారి తొలగలేదని లోకసారంగముని రాయి విసరిరి. ఆళ్వారు నుదుట రక్తము కారెను, సన్నిధిలో పెరుమాళ్ళ నుదుటను రక్తము కారెను. అతనిని నీ భుజములపై మోసికొని రమ్మని స్వామి మునికి ఆజ్ఞ యిచ్చెను. దారి తొలగుమన్నవాడే దారి యయ్యెను. కనుకనే ఆళ్వారునకు మునివాహనుడని పేరు. అట్లు చేరిన ఆ మహానుభావుడు స్వామిని తిరుముడి నుండి గాక తిరువడుల నుండి వర్ణింప నారంభించెను. పాదముల విలువ పాదములకు దారి దొరకని వానికే తెలియును గదా!

ఈ సరస్సు తీరమున యానాదులు కలరు. శ్రీహరికోట అడవిలోని ప్రతి జాడయు వారు ఎరిగినదే. ఆకాశమునకు బాటలు వేయు అంతరిక్షకేంద్రము అచ్చట నెలకొన్నప్పుడు ఆ దీవిలోని కుటుంబములు తమ తావులు వదలి రావలసి వచ్చెను. దేశమునకు కీర్తి తెచ్చిన కేంద్రము అది. ఆ కీర్తికి చోటిచ్చినవారి వాడకు నేడు మంచి బాట ఉన్నదా యని చుట్టుప్రక్కల ఊళ్ళు చూచుకొనుట కృతజ్ఞతలో భాగము. ఊరి బాట ఊరి పెద్ద ఇంటివద్ద మొదలిడి ఆగిపోరాదు. అది యానాది గుడిసె వాకిటి వరకు పోయిననే బాట యనిపించుకొనును.

మనుష్యుల బాట ఇతరప్రాణుల బాటను కూడ మూయరాదు. సరస్సునకు అడ్డముగా వేసిన సూళ్ళూరుపేట-శ్రీహరికోట రోడ్డు ఎందరికో ఉపకారమయ్యెను. కాని అది సరస్సును రెండుగా చీల్చి నీటి ప్రవాహమునకు అడ్డమైనదని శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఉత్తరమున రాయదొరువు ముఖద్వారము ఇసుక మేటవేసి పూడుటచే సముద్రపు నీరు, దాని వెంట వచ్చు చేప, రొయ్య కొరవడి జాలరులు నష్టపోయిరి. నీటికిని ఒక బాట కలదు. దానిని గౌరవించి చాలినన్ని తూములు విడిచిననే మనుష్యుల బాటయు నిలుచును, బెస్తవాని పొయ్యియు వెలుగును. చెంతనే నేలపట్టు చెరువున గూడబాతులు ఏటేట వచ్చి గూళ్ళు కట్టును. ఆ తావును 1976లో రక్షితకేంద్రముగ ప్రకటించిరి. అంతకు ముందునుండియు ఊరివారు ఆ పక్షుల రాకను శుభముగా నెంచి కాపాడుచు వచ్చిరి. ఆకాశమార్గమున వచ్చు యాత్రికులకు సైతము ఈ సీమ ఆతిథ్యమిచ్చినది. కాలినడకన వచ్చు యాత్రికునికి ఇచ్చుట కష్టమా?

పాదుకలు తిరిగివచ్చిన దారి

భరతుని బాట యేమయ్యెను? అన్నగారిని తోడితెచ్చుటకే అది వేయబడినది. రాముడు రాలేదు. లోకదృష్టిలో ఆ శ్రమ అంతయు వ్యర్థము. కాని ఆ బాట వెంట భరతుని శిరస్సుపై పాదుకలు వచ్చినవి. పదునాలుగేండ్లు కోసలరాజ్యమును ఏలినవి ఆ పాదుకలే. వేదాంతదేశికులు పాదుకాసహస్రమున 1008 శ్లోకములతో కీర్తించినది వానినే. కోవెలలో అర్చకస్వామి శిరస్సుపై శఠారి నుంచునప్పుడు ప్రతి భక్తుడును పొందుచున్నది ఆ పాదస్పర్శనే. కోరి వేసిన బాట కోరిన ఫలము నీయకపోవచ్చును, స్వామి సంకల్పించిన ఫలమును ఇచ్చును. ఊరివారు ఆస్పత్రి కొరకు వేసిన దారిన రేపు బడిపిల్లలు నడతురు. బడి కొరకు వేసిన దారిన పెరటాసి నెలలో పసుపుబట్టలు కట్టి గోవిందనామము చెప్పుకొనుచు కొండకు పోవు యాత్రికులు నడతురు.

తిరుమల యాత్రనుండి తిరిగివచ్చిన ప్రతి గృహస్థుడును లడ్డూ ప్రసాదమును ఇరుగుపొరుగు వారికి పంచును. దానితోపాటు యాత్రలో తన పాదములకు దొరికిన ఉపకారమును కూడ పంచవలెను. కోతలు ముగిసి నీరు తగ్గిన చైత్ర వైశాఖములందు ఒక్కొక్క ఇంటినుండి ఒక్కొక్కరు, ఒక్కొక్క శనివారము, ఒక్క పూట పార పట్టినచో కార్తికపు వానలకు ముందే ఊరి డొంక బాగుపడును. రెండు ప్రక్కల నీరు జారు కాలువ, నడుమ కొంచెము మిట్ట, పల్లమున ఒక తూము, ఎండ తగులుచోట ఒక వేపమొక్క, మలుపున ఒక చలివేంద్రము. ఇంతకంటె పెద్దపని లేదు. ముసలివారు పని చేయలేకున్న గోవింద యని పలికినను చాలును. పిల్లలు గంపతో మన్ను మోసినచో వద్దనరాదు. మోయుచున్న బాలకుడెవరో ఎవరికి తెలియును?

పని ముగిసిన నాడు ఆ బాటపై మొదట నడువవలసినది ఊరి పెద్ద కాదు. ఊరిలో అందరికంటె నడక కష్టమైన ముసలమ్మను, లేక ఇన్నాళ్ళు ఆ దారికి దూరముగా నిలిచిన ఇంటి బిడ్డను ముందు నడిపించి, తక్కినవారు గోవిందనామముతో వెంట నడువవలెను. ఏడుకొండలవాడు తన కొండకు వచ్చువారినందరిని ఒకే మెట్లపై నడిపించుచున్నాడు. ఆయన భక్తులు తమ ఊరి బాటలో ఆ ధర్మమును నిలుపుదురు గాక. వారి పాదములకు ముల్లు తగులకుండ శ్రీనివాసుడు కాపాడుగాక.